మా అమ్మకాల లెక్క మీ దగ్గరే ఉంది, ప్లాన్ల పేజీలో చూపించండి

డిజిటల్ ఫైళ్లు అమ్మిపెట్టే ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌ల యాజమాన్యాలకు, ముఖ్యంగా సెల్లర్ ప్లాన్లు, వాటి ధరలు నిర్ణయించే విభాగాల వారికి,

నమస్కారం.

నేను పెళ్లి శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, స్టూడియోల వాళ్లకి ఆల్బమ్ పేజీలు డిజైన్ చేసి ఫైళ్లుగా అమ్ముకుంటాను. కొనేవాళ్లలో ఎక్కువమంది చిన్న ఊళ్లలో డీటీపీ సెంటర్లు, ఫ్లెక్సీ షాపులు నడిపేవాళ్లు. ఒక్కో ఫైలు 99 రూపాయలు, 149 రూపాయలు, పెద్ద సెట్టయితే 499. నేను అమ్ముకునే సైటు పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక్కరి మీద ఫిర్యాదయితే వాళ్లకే మెయిల్ పెట్టి ఊరుకునేవాణ్ణి. ప్లాన్ల పేజీ దగ్గరికొచ్చేసరికి మీరందరూ ఒకే దారిలో ఉన్నారు కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

ఆ పేజీ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు, అయినా మా వైపు నుంచి ఒకసారి చూడండి. పక్కపక్కనే మూడు డబ్బాలు. ఎడమవైపు ‘ఉచితం’. మధ్యలో దానికి కాస్త రంగు వేసి, పైన ‘ఎక్కువమంది ఎంచుకునేది’ అని ఒక రిబ్బను. కుడివైపు ‘ప్రొఫెషనల్’. వీటి పైన నెలవారీ, వార్షికం అని ఒక స్విచ్ ఉంటుంది, మేం చూసేసరికే అది వార్షికం వైపు జరిగి ఉంటుంది. కింద పచ్చ టిక్కులతో చాంతాడంత జాబితా. ఇంత ఉన్న పేజీలో మాకు కావలసిన ఒక్క అంకె ఉండదు: ఈ ప్లాన్ తీసుకుంటే నెలాఖరుకి నా చేతికి ఎంత వస్తుంది?

ఆ అంకె కనుక్కోవడానికి కావలసినదంతా మీ దగ్గరుంది. నేను ఏ నెలలో ఎన్ని ఫైళ్లు అమ్మానో, ఏ ధరకి అమ్మానో, కొన్నవాళ్లు మీ సైటులో వెతుక్కుంటూ వచ్చారో, నేను వాట్సాప్‌లో పంపిన లింకు నొక్కి వచ్చారో, అన్నీ మీ కంప్యూటర్లలో ఉన్నాయి. నేనేమో కాలిక్యులేటర్, ఒక తెల్లకాగితం పెట్టుకుని కుస్తీ పడాలి.

నా లెక్కే చూపిస్తాను. నేనున్న చోట ఉచిత ప్లాన్‌లో కమీషన్ 10 శాతం. నెలకి 799 రూపాయల ప్లాన్ తీసుకుంటే 5 శాతం. ఇంతవరకూ పెద్ద అక్షరాల్లో ఉంటుంది. రెండింట్లోనూ ప్రతి అమ్మకానికీ మరో 5 రూపాయలు పోతాయన్న సంగతి మాత్రం చుక్క గుర్తు పెట్టి అడుగున రాశారు. 99 రూపాయల ఫైలు మీద ఉచిత ప్లాన్‌లో 9 రూపాయల 90 పైసలు కమీషన్, పైన 5 రూపాయలు. మొత్తం 14.90. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 17 రూపాయల 58 పైసలు. అదే ఫైలు డబ్బు కట్టే ప్లాన్‌లో అమ్మితే కోత 11 రూపాయల 74 పైసలు. అంటే ప్లాన్ తీసుకున్నందుకు ఒక్కో ఫైలు మీద నాకు మిగిలేది 5 రూపాయల 84 పైసలు. ప్లాన్ ధర జీఎస్టీతో కలిపి 942 రూపాయల 82 పైసలు. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే నెలకి 162 ఫైళ్లు అమ్మితే తప్ప ఆ ప్లాన్ గిట్టుబాటు కాదు.

జీఎస్టీ వెనక్కి తెచ్చుకోవచ్చు కదా అంటారేమో. సేవలు అమ్మేవాళ్లకి ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితే గానీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఈ పని చేసేవాళ్లలో చాలామంది ఆ గీతకి ఎంతో కిందే ఉన్నారు. రిజిస్ట్రేషన్ లేనప్పుడు మీకు కట్టిన పన్ను మాకు ఖర్చు కిందే పోతుంది.

ఇంకో సంగతి. ఆ 5 రూపాయలు 499 సెట్ మీద ఒక శాతం. 99 ఫైలు మీద 5 శాతం. కాబట్టి మీరు ‘5 శాతం ప్లాన్’ అని పిలిచేది నా 99 రూపాయల ఫైలుకి అచ్చంగా 10 శాతం ప్లాన్, ‘10 శాతం ప్లాన్’ 15 శాతం ప్లాన్. పెద్ద ధరకి అమ్మేవాడికి శాతం ముఖ్యం, చిన్న ధరకి అమ్మేవాడికి అడుగున చుక్క గుర్తుతో రాసింది ముఖ్యం. మా ఊళ్లలో కొనే శక్తి చూస్తే తెలుగు ఫైలుకి 99 దాటించడమే కష్టం. టెలిగ్రామ్‌లో ‘వెయ్యి పీఎస్‌డీలు (ఫొటోషాప్ ఫైళ్లు) వంద రూపాయలకే’ అని మా ఫైళ్లనే మాకు అమ్మజూపేవాళ్లు వేరే ఉన్నారు. ఆ గోల ఇంకో ఉత్తరానికి సరిపడా ఉంది.

ఈ ‘అమ్మకానికి ఇంత’ అనే రుసుము బాధ మనదేశానిదే కాదు. కళాకారులు అభిమానుల దగ్గర చందాలు తీసుకునే సైటు ప్యాట్రియాన్ 2017 డిసెంబరులో, ప్రతి చందా మీదా 2.9 శాతంతో పాటు 35 సెంట్లు చందాదారుల నుంచే తీసుకుంటామని ప్రకటించింది. నెలకి ఒక డాలర్ ఇచ్చేవాడికి అది ఒక డాలర్ 38 సెంట్లయింది. చిన్న చందాలవాళ్లు మానేయడం మొదలెట్టారు. వారం రోజుల్లోనే కంపెనీ క్షమాపణ చెప్పి ఆ ఆలోచన మానుకుంది. వంద డాలర్లు ఇచ్చేవాడికి 35 సెంట్లు కనపడనే కనపడవు, ఒక్క డాలర్ ఇచ్చేవాడికి అది మూడో వంతు పైనే. మా 99 రూపాయల కష్టం కూడా సరిగ్గా ఇదే.

ప్లాన్లు అసలు లేకుండా చేస్తే గొడవ వదిలిపోతుందా అంటే, అదీ చూశాం. డిజిటల్ ఫైళ్లు అమ్ముకునే గమ్‌రోడ్ సైటులో ఒకప్పుడు నెలసరి రుసుము ప్లాన్ ఉండేది. అది పోయింది. 2023 జనవరి నుంచి అందరికీ ఒకటే 10 శాతం. తర్వాత దానికి అమ్మకానికి 50 సెంట్లు తోడయ్యాయి. సొంత లింకుతో ఒక డాలర్ ఫైలు అమ్మితే అందులో 60 సెంట్లు వాళ్లకే. కొన్నవాడు వాళ్ల ‘డిస్కవర్’ విభాగం నుంచి వస్తే రేటు 30 శాతం. ఆ సైటుని తప్పుపట్టడం లేదు. ఆ 10, 50, 30 అన్న మూడు అంకెలూ ఎదురుగానే పెడతారు, కొత్తవాడు కూడా ఐదు నిమిషాల్లో లెక్క తేల్చుకోగలడు. అమ్మేది పాతిక డాలర్ల పాఠం అయితే ఉండొచ్చు, డాలర్ శుభలేఖ అయితే వెళ్లిపోవచ్చు. నేను కోరేది అలా తేల్చుకునే వీలే.

అలాంటిదే మరో సైటు పేహిప్‌ది ఇంకో పద్ధతి. ఉచిత ప్లాన్‌లో 5 శాతం, నెలకి 29 డాలర్లు కడితే 2 శాతం, 99 డాలర్లు కడితే సున్నా. సదుపాయాలన్నీ మూడింట్లోనూ ఒకటే, తేడా రుసుములోనే. అందువల్ల లెక్క సూటిగా తేలిపోతుంది. నెలకి సుమారు 967 డాలర్ల అమ్మకం దాటితే రెండో ప్లాన్, 3,500 డాలర్లు దాటితే మూడోది. 967 డాలర్లంటే మన డబ్బులో 80 వేలు పైమాటే. శుభలేఖల మీద నెలనెలా అంత అమ్మేవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. ఆ సంగతి ముందే తెలిస్తే మనిషి ఉచిత ప్లాన్‌లో నిశ్చింతగా ఉంటాడు, ‘డబ్బు కట్టకపోతే వెనకబడిపోతానేమో’ అన్న టెన్షన్ ఉండదు.

అలాగని ప్రతిసారీ కింది ప్లానే మంచిదనీ కాదు. అమెరికాలో పిల్లలకి తెలుగు నేర్పే మనవాళ్లని చూడండి. మనబడి లాంటి వారాంతపు బడులు అక్కడ బాగా పెరిగాయి. అక్షరాలు దిద్దే షీట్లు, గుణింతాల కార్డులు తయారుచేసుకునే టీచరమ్మలు వాటిని, టీచర్లు పాఠాల సామగ్రి అమ్ముకునే టీచర్స్ పే టీచర్స్ సైటులో అమ్ముకోవచ్చు. అక్కడ మామూలు సెల్లర్‌కి ధరలో 55 శాతం వస్తుంది, అందులోంచి ఒక్కో ఫైలుకి 30 సెంట్లు పోతాయి. ఏడాదికి 59.95 డాలర్లు కట్టే ప్రీమియం సెల్లర్‌కి 80 శాతం వస్తుంది, ఆర్డర్ మొత్తం 3 డాలర్ల లోపయితేనే ఒక్కో ఫైలుకి 15 సెంట్లు పోతాయి. ఒక డాలర్ షీటు మామూలు ఖాతాలో అమ్మితే చేతికొచ్చేది 25 సెంట్లు! ప్రీమియంలో 65. ఏడాదికి 150 షీట్లు పోతే కట్టిన డబ్బు వెనక్కి వచ్చినట్టే. అదే 3 డాలర్ల సెట్టయితే 58 అమ్మకాలు చాలు. ఇక్కడ ఏడాది రుసుము చూసి ఆగిపోయినవాళ్లే నష్టపోతారు.

మా వాట్సాప్ గ్రూపులో కొత్తగా వచ్చిన కుర్రాళ్లు తరచూ అడుగుతుంటారు, “అన్నా, ఏ ప్లాన్ తీసుకోమంటావ్?” అని. నేను తిరిగి అడుగుతాను, “తమ్ముడూ, ఒక్కో ఫైలు ఎంత? నెలకి ఎన్ని పోతాయి? కొనేవాళ్లు నీ లింకుతో వస్తున్నారా, సైటులో వెతుక్కుని వస్తున్నారా?” ఈ మూడింటికీ జవాబు వస్తే ప్లాన్ దానంతటదే తేలుతుంది. మూడో ప్రశ్నకి మాత్రం తమ్ముళ్ల దగ్గర జవాబు ఉండదు. దాన్ని మీరు చూపించరు, చూపించినా పైప్లాన్‌లోనే ‘అనలిటిక్స్’ అని పెడతారు. సైటులో ముందు వరుసలో కనిపించడానికి డబ్బు కట్టాలా వద్దా అని తేల్చుకోవడానికి కావలసిన సమాచారం, ఆ డబ్బు కట్టాకే ఇస్తామంటే ఎలా?

ఇప్పుడు మూఢం సంగతి. మీ ధరలు నిర్ణయించేవాళ్లకి ఈ మాట ఎవరూ చెప్పి ఉండరు.

మా వ్యాపారం నెలనెలా ఒకేలా నడవదు. మాఘం, ఫాల్గుణం వస్తే ఫోన్ కింద పెట్టే తీరిక ఉండదు. “అన్నా, ముహూర్తం పదకొండో తారీఖు, కార్డు ఈ రాత్రికే ప్రింటుకి వెళ్లాలి” అంటూ అర్ధరాత్రి మెసేజీలు. వైశాఖం, శ్రావణం కూడా బాగానే ఉంటాయి. ఆషాఢం వచ్చిందంటే పెళ్లిళ్లు లేవు. శుక్ర మూఢమో గురు మూఢమో వస్తే ముహూర్తాలు లేవు. 2024లో రెండు మూఢాలూ కలిసొచ్చి, మే, జూన్ నెలలు పెళ్లి ముహూర్తాలే లేకుండా పోయాయి. ఏటా నిండుగా ఉండే వేసవి సీజన్ అది. కల్యాణ మండపాలు, సన్నాయి మేళాలు, వంటవాళ్లు, పూలవాళ్లు, వాళ్లందరితో పాటు శుభలేఖ డిజైన్ చేసేవాడూ ఖాళీ. నెలవారీ ప్లాన్ మాత్రం తారీఖు రాగానే డబ్బు లాక్కుంటూనే ఉంటుంది. బట్టల షాపుల వాళ్లయినా ఆషాఢంలో డిస్కౌంట్ ఇస్తారు.

ఈ లెక్కలో వార్షిక ప్లాన్ మాకు ఎలా పనికొస్తుంది? ‘ఏడాదికి కడితే రెండు నెలలు ఉచితం’ అంటారు. ఏడాదిలో నాలుగైదు నెలలే నా అమ్మకాలు 162 దాటుతాయనుకోండి. ఆ నెలలకే ప్లాన్ తీసుకుని మిగతా నెలలు ఉచితంలో ఉంటే నాకు ఖర్చు నాలుగైదు నెలలదే. మీ రెండు నెలల ఉచితం కోసం పది నెలలు కట్టడం ఎందుకు? అయితే అలా దిగడానికి మీరు సులువుగా ఒప్పుకోరు. ప్లాన్ పెంచుకునే బటన్ ప్రతి పేజీలోనూ ఉంటుంది. తగ్గించుకునే బటన్ కోసం సెట్టింగ్స్, బిల్లింగ్, సబ్‌స్క్రిప్షన్, ‘ఎందుకు వెళ్తున్నారు?’, ‘ఈ ఆఫర్ తీసుకోండి’ అన్నీ దాటుకుంటూ వెళ్లాలి. దిగాక పై ప్లాన్‌లో పెట్టిన సెట్లు కనిపించకుండా పోతాయి, మళ్లీ ఎక్కితే మళ్లీ అమర్చుకోవాలి.

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్ (ఆన్‌లైన్‌లో కొనేవాళ్లని బోల్తా కొట్టించే పద్ధతులు) మీద మార్గదర్శకాలు నోటిఫై చేసింది. అందులో చెప్పిన 13 రకాల్లో సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు ఒకటి, ధరని ముందు పూర్తిగా చెప్పకుండా చివర్లో కొసరు తగిలించడం ఇంకొకటి. మేం మీకు వినియోగదారులమా, వ్యాపార భాగస్వాములమా అని లాయర్లు వాదించుకోవచ్చు. ఫైలు కొనేవాడి దగ్గర చేయకూడని పని, ఫైలు అమ్మేవాడి దగ్గర మాత్రం ఎందుకు చేయాలి?

నెలసరి రుసుముకి వేరే దారీ ఉందని చెప్పడానికే మళ్లీ ప్యాట్రియాన్‌ని తెస్తున్నాను. 2019లో వాళ్లు 5, 8, 12 శాతాలతో మూడు ప్లాన్లు పెట్టారు. మొదటి రెండింట్లో నెలకింత అని ఏమీ లేదు. ఎక్కువ సదుపాయాలు కావాలంటే ఎక్కువ శాతం, ఆ రెండింట్లో ఆదాయం లేని నెలలో రుసుమూ లేదు. మూఢం ఉన్న దేశానికి సరిపోయే ప్లాన్ అంటే నా దృష్టిలో అదే. 2025 ఆగస్టు నుంచి కొత్తవాళ్లకి అక్కడ ఒకటే 10 శాతం ప్లాన్ అయింది, పాతవాళ్లు పాత రేట్లలో కొనసాగుతున్నారు. పాతవాళ్ల రేటు కదపకపోవడం మీరంతా నేర్చుకోదగ్గది. చేతిపనుల వస్తువులు అమ్ముకునే సైటు ఎట్సీ 2022 ఏప్రిల్‌లో అమ్మకం రుసుముని 5 నుంచి 6.5 శాతానికి పెంచినప్పుడు వేలమంది వారం పాటు తమ షాపులు మూసి నిరసన తెలిపారు. రేటు పెంచొద్దని నేననను, మీ ఖర్చులు మీకుంటాయి. వార్షికానికి డబ్బు కట్టించుకుని మధ్యలో కమీషన్ మార్చడం మాత్రం వద్దు.

ప్లాన్‌లో దేనికి డబ్బు తీసుకోవాలి, దేనికి తీసుకోకూడదు అన్నదాని మీద కూడా ఒక మాట. స్టోరేజ్‌కి తీసుకోండి, న్యాయమే. లేయర్లతో ఉన్న ఆల్బమ్ సెట్ ఒక్కోటి జీబీ దాటుతుంది, దాన్ని దాచడానికీ పంపడానికీ మీకు ఖర్చవుతుంది. సొంత డొమైన్‌కి తీసుకోండి. కానీ నా దగ్గర కొన్నవాళ్ల జాబితాని పైప్లాన్‌లో పెట్టి తాళం వేయకండి.

ఎందుకో చెబుతాను. తెలుగు ఫైళ్లకి ఒక జబ్బు ఉంది. కొనుక్కున్నవాళ్లది పాత ఫొటోషాప్ అయి, దాని టైప్ సెట్టింగ్స్‌లో వరల్డ్-రెడీ లేఅవుట్ (మన లిపుల్ని సరిగ్గా కలిపి చూపించే అమరిక) పెట్టి ఉండకపోతే, పెళ్లికూతురి పేరు మార్చగానే వత్తులు విడిపోతాయి. ‘చిరంజీవి లక్ష్మీ సౌజన్య’ కాస్తా పొల్లులూ హల్లులూ విడివిడిగా పడి అర్థం కాకుండా పోతుంది. శుభలేఖలో అలాంటి తప్పు దొర్లితే ఆ డీటీపీ కుర్రాడికి ఊళ్లో తలెత్తుకునే వీలుండదు. అందుకని వాడకం ఎలాగో చెప్పే కాగితం, సవరించిన ఫైలు పాత కొనుగోలుదారులందరికీ పంపాలనుకున్నాను. జాబితా డౌన్‌లోడ్ చేసుకోవాలంటే పైప్లాన్‌కి మారమంది సైటు. నా ఫైలు కొని, నన్ను నమ్మినవాళ్లకి నేను మెయిల్ పెట్టుకోవడానికి అద్దె కట్టాలా? అనుమతి ఇచ్చిన కొనుగోలుదారుల ఈమెయిళ్లు అన్ని ప్లాన్లలోనూ అమ్మినవాడికి అందాలి. దీనిలో బేరం లేదు.

డబ్బు కట్టే పద్ధతి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. డాలర్లలో ప్లాన్ పెడితే మాలో సగం మంది దగ్గర విదేశీ చెల్లింపులకి ఆన్ చేసిన కార్డే ఉండదు, ఉన్నవాళ్లకి బ్యాంకు మార్పిడి రుసుము అదనం. రూపాయల్లో ధర పెట్టండి, యూపీఐ ఆటోపే పెట్టండి. 2020 నుంచీ ఉన్నదే అది.

పన్ను కోతల్ని కూడా ఆ చేతికొచ్చే లెక్కలోనే చూపించండి. ఈ-కామర్స్ ద్వారా అమ్మేవాళ్లకి మీరు కోసే టీడీఎస్ 2024 అక్టోబరు 1 నుంచి ఒక శాతం నుంచి 0.1 శాతానికి తగ్గింది. పాన్ ఇచ్చిన వ్యక్తులకి ఏడాదికి 5 లక్షల లోపు అమ్మకాల మీద అసలు కోతే లేదు. పాన్ అప్‌లోడ్ చేయని కుర్రాళ్లకి మాత్రం 5 శాతం వరకూ పోతుంది. ‘పాన్ ఇవ్వండి, ఇంత మిగులుతుంది’ అని ఒక్క వాక్యం ప్లాన్ల పేజీలో పెడితే, కొంతమందికి మీ పైప్లాన్ కంటే అదే ఎక్కువ మిగులుస్తుంది.

మీ ఆఫీసుల్లో ఎవరైనా అనొచ్చు, లెక్క ఇలా విప్పి చూపిస్తే మధ్య డబ్బా ఎవరు కొంటారని. కొనాల్సినవాళ్లు కొంటారు. 162 దాటినవాడికి మీరే సందేశం పంపండి, “ఈ నెల ఈ ప్లాన్‌లో ఉండి ఉంటే మీకు ఇంత ఎక్కువ వచ్చేది” అని. వాడు మరుసటి నెలే ఎక్కుతాడు, మీకు ప్రకటన ఖర్చు కూడా ఉండదు. గిట్టుబాటు కాని ప్లాన్‌లో ఇరుక్కున్నవాడు మాత్రం రెండు మూడు నెలలు చూసి, ప్లాన్‌తో పాటు సైటునే వదిలేస్తాడు. మా గ్రూపులో కొందరు అలాగే వెళ్లి, ఇప్పుడు వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ పెట్టి, డ్రైవ్ లింకు పంపి అమ్ముకుంటున్నారు. వాళ్ల నుంచి మీకు రూపాయి కూడా రాదు.

కాబట్టి మీ ముందు పెడుతున్న కోరిక ఇది. పాత సెల్లర్ ప్లాన్ల పేజీ తెరిస్తే, గడిచిన 12 నెలల అతని సొంత అమ్మకాలకి ఒక్కో ప్లాన్‌లో చేతికి ఎంత వచ్చి ఉండేదో నెలవారీగా చూపించండి. అమ్మకానికింత రుసుము, జీఎస్టీ అన్నీ పోను. కొత్తవాడికి ధర, నెలకి ఎన్ని అన్న రెండు గడులు ఇవ్వండి, అవి నింపితే అంకె రావాలి. ప్లాన్ ఎక్కినంత సులువుగా దిగే బటన్ కూడా అదే పేజీలో ఉంచండి. అమ్మకాలు లేని నెలల్లో ప్లాన్ ఆపుకుని, మళ్లీ మొదలెట్టుకునే వీలు ఇవ్వండి, సెట్లు ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. 150 రూపాయల లోపు ఫైళ్లకి ఆ 5 రూపాయల రుసుము ఎత్తేసి శాతం మాత్రమే తీసుకోండి.

వీటిలో మొదటిది చేయడానికి మీకు కొత్త డేటా అక్కర్లేదు, చట్టం మారక్కర్లేదు. వచ్చే మాఘమాసం లోపు మీలో ఎవరు చేసినా ఆ సంగతి మా గ్రూపులో నేనే పోస్టు చేస్తాను. అప్పటిదాకా ఏ ప్లాన్ అని అడిగే తమ్ముళ్లకి పైన చెప్పిన మూడు ప్రశ్నలు, భాగహారం నేర్పిస్తూ ఉంటాను.

ఇట్లు,
ఒక శుభలేఖల డిజైనర్,
తెనాలి